శుక్రవారం అమ్మాయి

కొత్త ఉద్యోగంలో చేరిన వారంలోనే ఆమె ఒక మనిషిని నిద్ర లేపింది. తీరా చూస్తే అతను నిద్రపోవడం లేదు, డ్యూటీలో ఉన్నాడు.

అది పరుపులు తయారుచేసే కంపెనీ. కింద ఫ్యాక్టరీ, పైన ఆఫీసు. ఆమె చేరింది హెచ్చార్‌లో కాబట్టి, ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో తెలుసుకుందామని ఒక్కో గదీ చూసుకుంటూ వెళ్లింది. మెట్ల పక్క గదిలో ఒక పెద్ద రోలర్ మిషను పరుపు మీద అటూ ఇటూ దొర్లుతోంది. దాని పక్కనే ఇంకో పరుపు మీద ఒక యువకుడు వెల్లకిలా పడుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. జీతం తీసుకునే మనిషి ముఖంలో అంత ప్రశాంతత ఆమె అంతవరకూ చూడలేదు.

"ఏమండీ, లేవండి," అంది. "ఇది ఆఫీసు."

"తెలుసండీ. మెలకువగానే ఉన్నాను," అన్నాడతను కళ్లు తెరవకుండానే.

"కళ్లు మూసుకునా?"

"తెరిస్తే సీలింగ్ కనిపిస్తుంది. సీలింగ్ గురించి మన కస్టమర్లు కంప్లైంట్ చెయ్యరు, నడుము గురించి చేస్తారు. అందుకని నడుము ఏమంటుందో వింటున్నాను."

"ఏమంటోంది?"

"ఇప్పుడే ఏదో చెప్పబోయింది. ఈలోగా మీరొచ్చారు."

ఆమెకు ఒళ్లు మండింది. పట్టపగలు ఆఫీసులో పడుకోవడమే కాకుండా పైగా వెటకారమా అనుకుని, నేరుగా వెళ్లి మేనేజర్‌కి చెప్పింది. మేనేజర్ పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు విని పక్క గదిలోంచి అకౌంట్స్ అక్క వచ్చి, సంగతేమిటో కనుక్కుని తనూ నవ్వింది. కాసేపటికి ఫ్యాక్టరీ మొత్తం నవ్వింది. అతను కంపెనీ క్వాలిటీ ఇంజనీరట. మిషను పరుపుని నలగ్గొట్టాక, దాని మీద మనిషి పడుకుంటే ఎలా ఉంటుందో చూసి మార్కులు వెయ్యడం అతని పని. ఆఫీసులో అందరూ అతన్ని నిద్ర సార్ అంటారు.

మర్నాడు ఆమె వెళ్లి సారీ చెప్పింది.

"ఫర్వాలేదండీ. మా అమ్మే ఇప్పటికీ నమ్మలేదు," అన్నాడతను. "మీవాడు ఏం చేస్తాడని పక్కింటావిడ అడిగితే, ఇంజనీరని చెప్పి గబగబా లోపలికి వెళ్లిపోతుంది. ఎక్కడ వివరాలు అడుగుతుందోనని."

ఆమె నవ్వింది. అతనూ నవ్వబోయాడు గానీ, అంతలో గోడౌన్ బాబాయి ఇంకో ఇద్దరిని వెంటేసుకుని లోపలికి రావడంతో ఆ నవ్వుని సగంలో ఆపేసి మిషను వెనక్కి వెళ్లిపోయాడు. ఆమె అది గమనించింది గానీ, కారణం తట్టలేదు.

ఆమె అసలు పని ఆ తర్వాత మొదలైంది. మేనేజర్ ఆ మధ్య ఏదో ట్రైనింగుకి వెళ్లొచ్చాడు. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లాడు. వచ్చేటప్పుడు మాత్రం "ఆఫీసంటే ఆఫీసు కాదు, కుటుంబం" అనే మాట వెంట తెచ్చుకున్నాడు. కుటుంబమన్నాక సాయంత్రాలు కలిసి గడపాలి కదా. అందుకని ప్రతి శుక్రవారం ఆఫీసు అయిపోయాక అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్లాలని తేల్చాడు. ఎక్కడికో చూడటం, బుక్ చెయ్యడం, మనుషుల్ని పోగుచెయ్యడం కొత్త హెచ్చార్ అమ్మాయి బాధ్యత.

"నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు కదా," అన్నాడామెతో. "వచ్చే నెలాఖరులోగా ఒక్కటంటే ఒక్క శుక్రవారం, ఒక్కరు కూడా మిస్సవకుండా అందర్నీ తీసుకురా. నీ ఉద్యోగం పర్మనెంట్ చేసేస్తాను. ఆ మాత్రం చెయ్యలేకపోతే మనకి హెచ్చార్ ఎందుకు చెప్పు?"

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని జాలిపడి వస్తే అది రావడం కిందికి రాదని ఆమె పట్టుదల.

చూస్తుండగానే ఆమెకి శుక్రవారం అని పేరు పడింది. "అదుగో, శుక్రవారం వస్తోంది" అనగానే వరండాలో ఉన్నవాళ్లంతా ఫోన్లు చెవికి ఆనించుకునేవారు. అకౌంట్స్ అక్క ఒకసారి కంగారులో కాలిక్యులేటర్ ఆనించుకుంది. గోడౌన్ బాబాయి పరుపుల చుట్టల వెనక దాక్కునేవాడు గానీ, అతని పొట్ట దాక్కునేది కాదు.

అయినా చివరికి మేనేజర్ ముఖం చూసి, గొణుక్కుంటూనే అందరూ వచ్చేవారు. ఒక శుక్రవారం మట్టితో కుండలు చేశారు. ఎవరు ఏం మొదలుపెట్టినా ఆఖరికి యాష్‌ట్రేలే తేలాయి. ఇంకో శుక్రవారం మైకు పట్టుకుని పాటలు పాడారు. అంటే, మేనేజర్ పాడాడు, మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. మరో శుక్రవారం నమ్మకం పెంచే ఆట ఆడారు. ఒకరు కళ్లు మూసుకుని వెనక్కి పడితే మిగతావాళ్లు పట్టుకోవాలి. గోడౌన్ బాబాయి వంతు వచ్చింది. ఆయన పడబోతుంటే కుటుంబమంతా పక్కకి తప్పుకుంది.

వేటికీ రాని మనిషి ఒక్కడే. నిద్ర సార్.

"ఈ శుక్రవారం కుదరదండీ," అన్నాడు మొదటిసారి. "మా తాతయ్యకి మోకాలి నొప్పి. దగ్గరుండాలి."

"అయ్యో. ఏ మోకాలు?"

అతను ఒక్క క్షణం ఆలోచించి, "ఎడమది," అన్నాడు.

తర్వాతి వారానికి నొప్పి కుడి మోకాలికి మారింది. ఆపైన ఆయాసం, నడుం నొప్పి మొదలయ్యాయి. ఆ తర్వాత తాతయ్య మంచం దిగడం మానేశాడు.

ఆమెది జాలిగుండె. చిన్నప్పుడు తనను భుజాల మీద కూర్చోబెట్టుకుని తిప్పిన తాతయ్య గుర్తొచ్చాడు. బజారుకెళ్లి ఒక హాట్ వాటర్ బ్యాగు కొని, దానికి మెత్తటి ఎర్ర కవరు తొడిగించి, తెచ్చి అతని చేతిలో పెట్టింది. "రాత్రిపూట నడుం కింద పెట్టండి. హాయిగా ఉంటుంది," అంది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని కవరు మడతలు సవరించాడు. చెవులు ఎర్రబడ్డాయి. తాతయ్యంటే ఎంత ప్రాణమో అనుకుంది ఆమె.

మోకాళ్ల నొప్పులప్పటినుంచే మధ్యాహ్నం భోజనాల వేళ మేడ మీదికి వెళ్లడం ఆమెకు అలవాటైంది. అతను అక్కడ నీళ్ల ట్యాంకు నీడలో ఒక్కడే కూర్చుని తినేవాడు. తాతయ్యకి ఎలా ఉందో కనుక్కోవడానికే ఆమె వెళ్లేది. ఆ ఒక్క మాటా ఇట్టే అయిపోయేది. మిగతా మాటలే ఎంతకీ అయ్యేవి కావు. కింద నలుగురున్న చోట నోట్లో నాలుక లేనట్టుండే మనిషి, మేడ మీద ఆగకుండా మాట్లాడేవాడు.

"పడుకునే తీరు బట్టి మనిషిని చెప్పేయొచ్చండీ," అన్నాడొకరోజు. "మేనేజర్ గారు వెల్లకిలా పడుకుని, నిద్రలో కూడా మీటింగు పెట్టే రకం. అకౌంట్స్ అక్క ముడుచుకుని, అలారం మోగకముందే లేచే రకం."

"మరి నేను?"

"మీరు దుప్పటి మొత్తం లాక్కునే రకం."

"మీకెలా తెలుసు?"

అడిగాక, ఆ ప్రశ్న ఎటు పోతోందో ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. ఇద్దరూ తమ తమ టిఫిన్ డబ్బాల మూతలు శ్రద్ధగా బిగించుకున్నారు.

ఆమె అక్కాబావల ఇంట్లో ఉండేది. ఆ సాయంత్రం అక్క ఆమె ముఖంలోకి ఎగాదిగా చూసి, "ఎవరికో ఆయాసమని రోజూ చెబుతున్నావు. మధ్యలో నీ బుగ్గలు ఎందుకే అలా కళకళలాడుతున్నాయి?" అంది. బావ పేపరు చాటున నవ్వాడు.

"పాపం, పెద్దాయన మంచం మీంచి లేవడం లేదక్కా."

"పెద్దాయన సంగతి సరే. మనవడు లేస్తున్నాడా?"

"అతని ఉద్యోగమే పడుకోవడం," అంది ఆమె. అక్కకి ఆ జవాబు అర్థం కాలేదు గానీ, చెప్పిన తీరు మాత్రం బాగా అర్థమైంది.

ఆ శుక్రవారం మేనేజర్‌కి బౌలింగ్ మీద మనసైంది. నున్నటి చెక్క దారులు, వాటి చివర తెల్లటి పిన్నులు, అద్దె బూట్లు. గోడౌన్ బాబాయి పాదానికి సరిపోయే బూట్లు దొరక్క సాక్సులతోనే తిరుగుతున్నాడు. మేనేజర్ విసిరిన బంతి ప్రతిసారీ పక్క కాలవలోకి దొర్లిపోతోంది. అయినా మనవాళ్లు చప్పట్లు మానలేదు.

పక్క లేన్‌లో పసుప్పచ్చ టీషర్టు వేసుకున్న ఒక ముసలాయన, తన ఈడు మిత్రులతో ఆడుతున్నాడు. ఆయన చులాగ్గా బంతి అందుకుని, ఒంగి, వదిలాడు. పిన్నులన్నీ ఒక్క దెబ్బకి కూలాయి. ఆయన వెనక్కి కూడా చూడకుండా వచ్చి, మేనేజర్‌తో, "నాయనా, బంతిని తొయ్యకు. వదిలెయ్. దానికి తెలుసు ఎటు పోవాలో," అన్నాడు.

తర్వాత బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని, "అంతా ఒకే ఆఫీసా అమ్మా?" అని అడిగాడు.

"అవునండీ. పరుపుల కంపెనీ."

"అలాగా? మా మనవడూ అక్కడేనే. పరుపుల మీద పడుకుంటాడు చూడు, వాడే. ఎప్పుడూ ఇటు రాడే మీతో?"

బూటు లేసు కట్టుకుంటున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"అతనికి ఇంకో తాతయ్యగారు ఉన్నారా?"

"లేరు తల్లీ. నా ఒక్కడితోనే సరిపోయింది."

"మరి మీ మోకాలు?"

"ఏ మోకాలు?"

"మొదట ఎడమది. తర్వాత కుడిది."

పెద్దాయన జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎదురుగా వచ్చేది కనబడకముందే పసిగట్టగలడు. తన రెండు మోకాళ్ల వైపూ ఒకసారి చూసుకుని, "ఇంకా ఏమేం ఉన్నాయమ్మా నాకు?" అన్నాడు నెమ్మదిగా.

"ఆయాసం. నడుం నొప్పి. ఆకలి మందగించింది. ఈమధ్య మంచం కూడా దిగడం లేదు."

"మాట పడిపోలేదు కదా?"

"ఇంకా లేదండీ. వచ్చే శుక్రవారం పడిపోతుందేమో," అంది ఆమె. సగం కట్టిన లేసుని గట్టిగా లాగింది. "మీకోసం హాట్ వాటర్ బ్యాగు కూడా ఇచ్చాను."

"ఎర్ర కవరుదా? అది నా దాకా రాలేదే. వాడి బట్టల బీరువాలో ఉంది. ఎవరిచ్చారురా అంటే ఆఫీసులో అన్నాడు. రోజూ తీసి చూసుకుంటాడు, మళ్లీ పెట్టేస్తాడు. ఆఫీసంటే ఇంత ప్రేమేంటా అనుకున్నాను." పెద్దాయన ఆమెను తేరిపార చూశాడు. "ఆఫీసంటే నువ్వా?"

ఆమెకి ముందు కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. ఆయన అడగ్గా అడగ్గా, ఎవరికీ చెప్పని ప్రొబేషన్ సంగతి కూడా చెప్పేసింది. నెలాఖరుకి ఇంకా ఒక్క శుక్రవారమే మిగిలి ఉంది.

పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు.

"నేను మంచం పట్టాను కదా. మరి ఆఫీసువాళ్లు ఒక్కళ్లయినా పలకరించడానికి రారేంటి తల్లీ? ఇదేం మర్యాద?"

ఆమె తలెత్తి చూసింది. పసుప్పచ్చ టీషర్టులో పెద్దాయన కళ్లు మెరుస్తున్నాయి.

సోమవారం మేడ మీద ఆమె మామూలుగానే అడిగింది. "తాతయ్యగారికి ఎలా ఉందండీ?"

"ఏముందండీ. అలాగే ఉంది. చెయ్యి కూడా లేపలేకపోతున్నారు."

"పాపం. వీకెండులో మరీ అలిసిపోయుంటారు."

అతను ఆమె వైపు చూశాడు. ఆమె డబ్బాలోకి చూస్తోంది.

"మంచం మీదున్న మనిషికి అలుపేంటండీ?"

"అదే నేనూ అనుకున్నాను," అంది ఆమె. "సర్లెండి. ఈ శుక్రవారం మన టీమ్ అవుటింగ్ ఎక్కడో చెప్పనా? మీ ఇంటికి. తాతయ్యగారిని చూడటానికి అందరూ వస్తున్నారు. మేనేజర్ గారు చాలా కదిలిపోయారు. కుటుంబమంటే ఇదీ అన్నారు."

అతని చేతిలో చెంచా డబ్బాలో పడింది. "వద్దండీ. ఇల్లు చిన్నది."

"నిలబడతాం."

"లిఫ్టు లేదు."

"ఎక్కుతాం."

"అంటుకునే జబ్బేమోనని డాక్టరు గారు అనుమానపడుతున్నారు."

"మోకాలి నొప్పి అంటుకుంటుందా?"

ఆ వారమంతా అతను పరుపుల మీద పడుకున్నాడు గానీ నడుము ఏమంటుందో వినిపించుకునే స్థితిలో లేడు. ఎంత మంచి పరుపుకైనా బొటాబొటి మార్కులే పడ్డాయి.

శుక్రవారం ఆమె అందరికంటే ముందు, చేతిలో పళ్ల సంచీతో మెట్లెక్కింది. అతని తల్లి తలుపు తీసింది. "రామ్మా," అంటూనే నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంటే ఈవిడ కూడా జట్టులో ఉందన్నమాట. లోపలి గదిలోంచి మాటలు వినిపించాయి.

"తాతయ్యా, కాసేపు పడుకో. నీకు దణ్ణం పెడతాను. వాళ్లు వెళ్లగానే అంతా చెబుతాను."

"పడుకునే ఉన్నానుగదరా. పొద్దుటినుంచీ లేవలేకపోతున్నాను."

"అబ్బ, ఇప్పుడు కాదు, వాళ్లొచ్చాక."

"నిజంగానేరా. ఎడమ మోకాలు. కుడిది కూడా. ఎందుకో ఆయాసం."

గదిలో అతని అడుగుల చప్పుడు ఆగింది. ఈ జబ్బుల వరస ఎక్కడో విన్నట్టుందే అని అతను అనుకుంటున్న సంగతి తలుపు అవతలికి కూడా తెలిసిపోతోంది. అంతలో మెట్ల మీద గోడౌన్ బాబాయి రొప్పు, దాని వెనక తక్కిన ఆఫీసు వినిపించాయి.

చిన్న గది క్షణంలో నిండిపోయింది. పెద్దాయన గడ్డం దాకా దుప్పటి కప్పుకుని, కళ్లు సగం మూసి పడుకున్నాడు. మేనేజర్ మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. బౌలింగ్‌లో బంతి వదలమని చెప్పిన ముఖం ఇదేనని అతనికి తట్టనే లేదు. జబ్బు మనిషి ముఖంలోకి సూటిగా ఎవరు చూస్తారు? గోడౌన్ బాబాయి తనకు తెలిసిన ఆయాసాలన్నిటి కథా చెప్పాడు. అన్నీ విషాదాంతాలే. మనవడు మాత్రం బీరువాకి అతుక్కుపోయి, చెమటలు తుడుచుకుంటూ, అందరి చెప్పుల వైపూ చూస్తున్నాడు.

"నాకు ఒక్కటే కోరిక బాబూ," అన్నాడు పెద్దాయన సన్నటి గొంతుతో. "మావాడు మీ అందరి మధ్యా నిలబడి నాలుగు మాటలు మాట్లాడితే చూసి..."

ఆ మాట పూర్తికాకుండానే అకౌంట్స్ అక్క భోరుమంది. ఏదో మర్యాదకి పెట్టుకున్న కన్నీళ్లు కావవి. "మా నాన్న కూడా ఇలాగే అండీ," అంది. "ఇలాగే దుప్పటి కప్పుకుని, ఇలాగే చూసేవాడు. నేను ఆఫీసు పనుల్లో పడి సరిగ్గా కూర్చోనైనా లేదు ఆయన పక్కన."

గదిలో అందరి ముఖాలూ మారిపోయాయి. హెచ్చార్ అమ్మాయి పళ్ల సంచీ కింద పెట్టేసింది. ఆట ఇంత దూరం వస్తుందని ఆమె అనుకోలేదు. ఆపుదామని నోరు తెరిచింది. కానీ ఆమె కంటే ముందు, బీరువా దగ్గర్నుంచి ఒక గొంతు లేచింది.

"ఏడవకక్కా. తాతయ్యకి ఏమీ లేదు."

అందరూ అతని వైపు తిరిగారు. అన్ని కళ్లు ఒక్కసారి తన మీద పడేసరికి అతను చూపు మళ్లీ చెప్పుల మీదికి దించాడు. అయినా వెనక్కి తగ్గలేదు.

"మోకాళ్లు బాగున్నాయి, ఆయాసం లేదు. అన్నీ నేను పుట్టించిన జబ్బులే. తాతయ్యని అడ్డం పెట్టుకుని శుక్రవారాలు తప్పించుకున్నాను. మీ మీద కోపంతో కాదు. ఒక్కొక్కళ్లతో అయితే నేను ఎంతసేపైనా మాట్లాడతాను. నలుగురు చేరితే నాకు నోరు పెగలదు. అందరూ నవ్వుతుంటే నేనెప్పుడు నవ్వాలా అని చూస్తుంటాను, ఈలోగా జోకు అయిపోతుంది. ఇంటికొచ్చి పడుకున్నాక ఒక్కణ్ణే నవ్వుకుంటాను. అది చెప్పుకోడానికి సిగ్గేసింది. తాతయ్యకి జబ్బని చెప్పడం తేలిక అనిపించింది. నన్ను క్షమించక్కా."

పెద్దాయన దుప్పటి తీసేసి లేచి కూర్చున్నాడు. లోపల పసుప్పచ్చ టీషర్టు.

"నాలుగు మాటలడిగితే నలభై చెప్పాడు," అన్నాడు మనవడి వైపు చూస్తూ. "ఇంకొకటి కూడా తెలుసుకో. ఈ శుక్రవారం అందరూ రాకపోతే ఈ అమ్మాయి ఉద్యోగం ఊడుతుంది. నీకు తెలుసా?"

అతను ఆమె వైపు చూశాడు. ముఖంలో రంగు పోయింది. "మీరు చెప్పలేదే."

"మీరు చెప్పారా?" అంది ఆమె.

మేనేజర్ మాత్రం టీషర్టునే చూస్తున్నాడు. "బంతిని తొయ్యకు అన్నది మీరేనా?" అన్నాడు. ఆ మాటకి అకౌంట్స్ అక్క కన్నీళ్ల మధ్యే ఫక్కున నవ్వింది. నవ్వుతూనే, తెచ్చిన కమలాల్లోంచి ఒకటి తీసి పెద్దాయన మీదికి విసిరింది. ఆయన చులాగ్గా పట్టుకున్నాడు.

నిజాలకి ఒకసారి తలుపు తెరుచుకుంటే మూసుకోవడం కష్టం. గోడౌన్ బాబాయి గొంతు సవరించుకున్నాడు. "నిజం చెప్పాలంటే సార్, నాకూ శుక్రవారం ఇంటికెళ్లి మొక్కలకి నీళ్లు పోసుకుంటే బాగుంటుంది. ఆ వెనక్కి పడే ఆట తర్వాత మరీను."

"మా పాప నిన్న స్నేహితురాలికి నన్ను పరిచయం చేస్తూ, మా అమ్మ, శుక్రవారం మాత్రం ఇంట్లో ఉండదు అంది," అన్నది అకౌంట్స్ అక్క.

మేనేజర్ ముఖం చిన్నబోయింది. "మరి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?"

"మీకు సరదా కదా అని ఊరుకున్నాం సార్."

మేనేజర్ తన చేతుల వైపు చూసుకున్నాడు. "సరదానా?" అన్నాడు. "మా ఆవిడకి వేరే ఊళ్లో ఉద్యోగం. పిల్ల హాస్టల్లో. మిగతా రోజులు పనితో గడిచిపోతాయి. శుక్రవారం సాయంత్రం ఫ్లాటు తలుపు తీస్తే, లైటు కూడా నేనే వేసుకోవాలి. అందుకని కొంచెం ఆలస్యంగా వెళదామని..." ఆపేశాడు. ట్రైనింగులో నేర్చుకున్న మాటలేవీ అతనికి ఆ సమయంలో అక్కరకు రాలేదు.

పెద్దాయన కమలాపండు ఒలిచి సగం మేనేజర్ చేతిలో పెట్టాడు.

"శుక్రవారాలు నువ్వు మాతో బౌలింగ్‌కి వచ్చెయ్ బాబూ. మా జట్టులో ఒకడు నిజంగానే మోకాళ్ల నొప్పితో మానేశాడు. వీళ్లని ఇళ్లకి పోనీ. బుద్ధిపుట్టినవాళ్లు బుద్ధిపుట్టినప్పుడు వస్తారు."

మేనేజర్ తలూపాడు. తొన నోట్లో వేసుకుని, గది చుట్టూ చూసి, హెచ్చార్ అమ్మాయిని అడిగాడు. "ఇవాళ అందరూ ఉన్నారా అమ్మాయ్?"

"ఉన్నారు సార్. తప్పించుకునే మనిషి ఇంటికే వచ్చాం కాబట్టి ఆయన కూడా ఉన్నారు."

"అయితే సోమవారం వచ్చి నీ పర్మనెంట్ ఆర్డరు తీసుకో," అన్నాడు. చప్పట్లు మోగాయి. ఈసారి అవి మేనేజర్ ముఖం చూసి కొట్టినవి కావు.

ఆ తర్వాత ఇంట్లో టీ కప్పులు చాలక గ్లాసులు, గ్లాసులు చాలక గిన్నెలు బయటికొచ్చాయి. కంపెనీ పెట్టినప్పటినుంచి ఎవరూ అంతసేపు కూర్చుని కబుర్లు చెప్పుకోలేదు. అందరూ మాట్లాడుతుంటే అతను టీలు అందిస్తూ, ఒక్కొక్కళ్ల దగ్గరా ఆగి, ఒక్కొక్కళ్లతో మాట్లాడుకుంటూ వెళ్లాడు. అలా అయితే అతనికి గుంపు కూడా గుంపులా అనిపించలేదు.

ఆమె వంటింట్లో గ్లాసులు కడుగుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. తుడిచే గుడ్డ తీసుకున్నాడు.

"మీకు ముందే తెలుసన్నమాట."

"బౌలింగ్ రోజునుంచీ."

"వారమంతా నన్ను ఆడించారు."

"మీరు నెలంతా ఆడించారు." ఆమె చెయ్యి గ్లాసులోనే ఆగింది. "నేను నిజంగా బాధపడ్డానండీ. మా తాతయ్య గుర్తొచ్చి ఇంట్లో ఏడ్చాను కూడా. ఆ బ్యాగు ఇచ్చిన రోజైనా చెప్పాల్సింది మీరు."

"చెబుదామనే అనుకున్నాను."

"మరి?"

అతను పొడిగా ఉన్న గ్లాసునే మళ్లీ మళ్లీ తుడిచాడు.

"మోకాళ్లు మాత్రం తప్పించుకోడానికే. ఆయాసం నుంచి అలా కాదు."

"అంటే?"

"తాతయ్యకి తగ్గిపోయిందంటే మీరు మేడ మీదికి రావడం మానేస్తారేమోనని. నేను రమ్మని పిలవలేను. అడగడానికి వేరే ఏమీ ఉండదు కదా మీకు. అందుకని ఒక్కో జబ్బూ పెంచుకుంటూ పోయాను."

ఆమె కుళాయి కట్టేసింది. "ఆయాసం నాకోసమా?"

"ఆయాసం, నడుం నొప్పి, ఆకలి మందగించడం. అన్నీ మీకోసమే."

కోపంగా ఉండాలని ఆమె చాలా ప్రయత్నించింది. కానీ ఒక మనిషి తనకోసం తాతయ్యని అవయవం తర్వాత అవయవంగా మంచాన పడేశాడంటే, ఆ ప్రేమని ఏం చెయ్యాలో ఆమెకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. పెదవి కొరుక్కుంది, లాభం లేకపోయింది. నవ్వు వచ్చేసింది. అతను కూడా నవ్వాడు. అప్పుడే అతని తల్లి, టీపొడి కోసం లోపలికి రాబోయి, గుమ్మం దాకా వచ్చి, టీపొడి అక్కర్లేదని వెనక్కి తిరిగింది.

మరుసటి శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఆఫీసు ఖాళీ. గోడౌన్ బాబాయి మొక్కల దగ్గరికి, అకౌంట్స్ అక్క పాప దగ్గరికి, మేనేజర్ కొత్త బూట్లతో బౌలింగ్‌కి వెళ్లిపోయారు. బయట వాన మొదలైంది. ఆమె గేటు పక్క షెడ్డు కింద నిలబడింది. పోగుచెయ్యడానికి ఎవరూ లేని సాయంత్రం ఏం చెయ్యాలో తెలియలేదు.

అతను గొడుగు పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఏదో చెప్పాలని వచ్చిన మనిషి, చెప్పకుండా వాన వైపు చూశాడు. ఆమె తొందరపెట్టలేదు.

"ఈ సాయంత్రం నాతో వస్తారా?" అన్నాడు చివరికి.

"ఎక్కడికి?" అంది. అలవాటు కొద్దీ, "ఎవరెవరు వస్తున్నారు?" అని కూడా అడిగింది.

"ఎవరూ రావడం లేదు. అందుకే పిలుస్తున్నాను. ఎక్కడికో తెలియదు. నడుద్దాం. ఈ ఒక్క సాయంత్రం అని కాదు. మీకిష్టమైతే, తర్వాతవి కూడా. ఆఫీసు ఉన్నా లేకపోయినా."

అంత పొడుగు మాట అతను పూర్తిచేసేసరికి గొడుగు పక్కకి ఒరిగి, సగం భుజం తడిసిపోయింది. ఆమె గొడుగు కాడని పట్టుకుని నిటారుగా నిలిపింది. అతని వేళ్ల మీద ఆమె వేళ్లు పడ్డాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

"అడగడానికి ఇన్నాళ్లు పట్టిందా మీకు," అంది.

అంతలో ఆమె ఫోను మోగింది. అక్క.

"ఎక్కడున్నావే? వాన పడుతోంది."

"ఆఫీసు పని మీద..." అనబోయి ఆగింది. అతని వైపు చూసింది. "ఆఫీసు పని కాదక్కా. నా సొంత పని మీద ఉన్నాను."

"గొడుగు ఉందా?"

"ఉందక్కా. పట్టుకుని నిలబడ్డారు."

అక్క ఫోను పక్కకి పెట్టి బావతో ఏదో అంది. బావ నవ్వు వినిపించింది. మళ్లీ అక్క గొంతు, ఈసారి మెత్తగా వచ్చింది.

"సరే. తడవకుండా తిరగండి. రేపు పొద్దున్న అతన్ని ఇంటికి తీసుకురా. మీ బావ, నేనూ, ఇద్దరమే ఉంటాం. ఎక్కువమందిని పిలవనులే, భయపడొద్దని చెప్పు."

ఆమె ఫోను సంచిలో వేసుకుంది. "ఏమన్నారు?" అని అడిగాడతను.

"నడుస్తూ చెబుతాను పదండి," అంది ఆమె.